స్టోర్ రూమ్‌కి పేరు మారింది, శ్లాబ్ ఒక రోజు ఆగింది: తెనాలిలో ఒక ఇంటి కేస్ స్టడీ

నేను సివిల్ ఇంజనీర్ని, గుంటూరు తెనాలి చుట్టుపక్కల చిన్న చిన్న ఇళ్ళు మెటీరియల్‌తో సహా కట్టిస్తుంటాను, ఏడాదికి మూడు నాలుగు మించి ఒప్పుకోను, ఒప్పుకుంటే సైట్‌కి వెళ్ళడం కుదరదు. ఈ ఫీల్డ్‌లో పని మధ్యలో మార్పు అడగని ఓనర్ని నేనింతవరకు చూడలేదు. అందుకని కోపం తెచ్చుకోవడం ఎప్పుడో మానేశా, కాకపోతే 2019లో ఒక ఇంటికి నోటి మాట మీద పదిహేడు మార్పులు చేసి చివర్లో బిల్లు పెడితే "ఇవన్నీ నువ్వే చేస్తానన్నావుగా" అన్నారు, లక్షా ఎనభై వేలకి అరవై వేలు చేతికొచ్చాయి. ఆ దెబ్బకి మార్పుల పుస్తకం అని ఒక డూప్లికేట్ బుక్ పెట్టా, కార్బన్ పేపర్ ఉండేది, కిరాణా కొట్టులో బిల్లు రాసే రకం. డబ్బు పెరిగే మార్పు ఏదైనా అందులో రాసి, కింద సంతకం పెట్టించి, ఒక కాపీ చింపి ఓనర్‌కి ఇచ్చాకే మేస్త్రికి చెప్తా. ఆరేళ్ళు బాగానే నడిచింది. ఈ కేసు ఆ పుస్తకంలో ఉన్న కంత గురించి.

ఇల్లు తెనాలిలో, తూర్పు ఫేసింగ్, 33 అడుగులు బై 50 అడుగుల స్థలం, కింద ఒకటి పైన ఒకటి రెండు అంతస్తులు, ఒక్కో ఫ్లోర్ 1,150 ఎస్ఎఫ్‌టీ. రేటు ఎస్ఎఫ్‌టీకి 1,850 మాట్లాడుకున్నాం, మొత్తం 42 లక్షల 55 వేలు. ఓనర్ రిటైర్డ్ లెక్కల మాస్టారు, అగ్రిమెంట్ మీద సంతకం ఆయనదే. డబ్బులో ముప్పాతిక డల్లాస్‌లో ఉన్న వాళ్ళ అబ్బాయి పంపిస్తాడు. ఇంట్లో ఉండబోయేది మాస్టారు, అమ్మగారు. అంటే ఒక ఇంటికి ముగ్గురు ఓనర్లన్నమాట, సిద్ధాంతి గారిని కలిపితే నలుగురు.

2025 ఆగస్టులో కింద కాలమ్స్ లేచాయి. వరలక్ష్మీ వ్రతం అయిన రెండో మూడో రోజు అమ్మగారు సైట్‌కి వచ్చి, అద్దింట్లో హాలు మూల వ్రతం చేసుకునేసరికి ప్రాణం విసిగిపోయిందని, కొత్తింట్లో కూడా ప్లాన్‌లో పూజ హాల్లో ఈశాన్యం మూలే పెట్టారు కదా, అలా వద్దు, వంటగది పక్కన ఉన్న స్టోర్ రూమ్‌ని పూజ గది చేసెయ్యి బాబూ, తలుపేసుకుని మడిగా చేసుకుంటాను అన్నారు. నేను ప్లాన్ తీసి చూశా. స్టోర్ 5 బై 7, తూర్పు గోడకే ఉంది, తలుపు అదే, కిటికీ అదే. ఒక్క గోడ కదలదు, ఒక్క రూపాయి పెరగదు. పెన్నుతో "స్టోర్" కొట్టేసి "పూజ" అని రాసి "అలాగేనమ్మా" అన్నాను. పుస్తకంలో రాయలేదు, డబ్బు లేని మార్పు కదా, రాయడానికేముంది అనుకున్నా.

నేను చూడనిది ఒకటుంది. చేతిలో ఉన్నది గ్రౌండ్ ఫ్లోర్ షీట్. ఫస్ట్ ఫ్లోర్ షీట్ బండి డిక్కీలో ఉంది. అందులో సరిగ్గా ఆ స్టోర్ నెత్తిన రెండో బెడ్‌రూమ్ అటాచ్డ్ బాత్‌రూమ్ ఉంది.

సెప్టెంబర్ 3, బుధవారం, సాయంత్రం నాలుగు. శ్లాబు శుక్రవారం అనుకున్నాం. సెంట్రింగ్, అంటే కాంక్రీటు పోయడానికి జాకీల మీద పరిచే రేకుల అచ్చు, అయిపోయింది, కమ్మీలు కట్టడం ముప్పాతిక వంతు అయింది, 150 కట్టల సిమెంటు మంగళవారమే దింపించాం, మిక్చర్ మిషను, లిఫ్టు, శ్లాబు పోసే కూలీల ముఠా అన్నిటికీ అడ్వాన్స్ వెళ్ళిపోయింది. అమ్మగారు పనివాళ్ళకి మజ్జిగ క్యాన్ పట్టుకుని వచ్చారు. గదులు ఎలా వస్తాయో చూడాలని ఆవిడ అడిగితే నేల మీద ఒక వరస ఇటుక పేర్పించి గుర్తులు పెట్టి ఉంచాం, ఆ జాకీల మధ్య నుంచి వంగి వంగి నడుచుకుంటూ వెళ్ళి తన పూజ గది గీతల మధ్యలో నిలబడ్డారు. నిలబడి పైకి చూశారు. చుట్టూ రేకులు ఒక లెవెల్లో ఉన్నాయి, ఆవిడ నెత్తి మీద మాత్రం పెట్టెలాగ తొమ్మిది అంగుళాలు కిందికి దిగి ఉంది.

"ఇక్కడెందుకు కిందకి దిగింది?"

మేస్త్రి గ్లాసులో మజ్జిగ పోసుకుంటూ చాలా మామూలుగా "సంకనండి అమ్మగారూ, పైన బాత్‌రూమ్ వస్తది కదా, పైపులకి" అన్నాడు.

ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. గ్లాసులు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయారు. మేస్త్రి నా వైపు చూశాడు, నేను బండి డిక్కీ వైపు చూశా.

తెలియని వాళ్ళకి ఒక ముక్క: బాత్‌రూమ్ వచ్చే చోట శ్లాబుని మిగతా దానికంటే కిందకి దింపి పోస్తారు, ఆ పల్లంలో కమోడ్ పైపు, ట్రాప్, నీళ్ళ లైన్లు పరిచి మళ్ళీ నింపి పైన టైల్స్ వేస్తారు. దాన్నే సంకన్ అంటాం. కాంక్రీటు పోయక ముందు అది చెక్క, రేకు, నాలుగు మేకులు, ఎటైనా జరపొచ్చు. పోశాక అది ఇల్లు. అప్పుడు పాత పల్లం పూడ్చుకోవాలి, కింద పూజ గది సీలింగ్ ఎలాగూ తొమ్మిది అంగుళాలు తక్కువే ఉంటుంది, కొత్త బాత్‌రూమ్‌కి పల్లం ఉండదు కాబట్టి ఫ్లోర్ ఎత్తు చేసి మెట్టు పెట్టాలి, లేదా శ్లాబుకి కన్నాలు కొట్టి పైపులు కింద గదిలో వేలాడదీసి ఫాల్స్ సీలింగ్‌తో కప్పెట్టాలి. నా అంచనా అరవై డెబ్బై వేలు, పైగా ఎప్పటికైనా లీకయ్యే పని. కాబట్టి ఆ బుధవారం సాయంత్రానికి నా చేతిలో ఉన్నది ఒకటిన్నర రోజు, ఆ తర్వాత ఈ మార్పు ఖరీదు మూడింతలు.

మొదట చేసిన పని కమ్మీలు కట్టే వాళ్ళని ఆ స్టోర్, దాని పక్కనున్న టాయిలెట్ మీద పని ఆపి ఇంటి పడమర చివర కట్టుకోమనడం. మొత్తం ఆపేస్తే మర్నాడు మనుషులు రారు, వేరే సైట్‌కి వెళ్ళిపోతారు, వినాయకుడి నిమజ్జనాల సీజన్ ఒకటి. మొత్తం నడిపిస్తే కట్టినవి మళ్ళీ విప్పాలి. ఈ సగం ఆపడం అనేది చాలామంది చెయ్యరు, కంగారులో ఓనర్ ఎదుట మంచి అనిపించుకోవడానికి "ఆపేయండ్రా" అని కేక వేస్తారు.

తర్వాత స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి ఫోన్ చేశా. స్టోర్‌కి పడమరగా కింద కామన్ టాయిలెట్ ఉంది, పై బాత్‌రూమ్‌ని సరిగ్గా దాని మీదకి జరిపితే? నిజానికి పైపులకి అదే మంచి చోటు, మొదట్లో అక్కడ పెట్టకపోవడానికి కారణం తూర్పు కిటికీ వస్తుందని అబ్బాయి అడగడమే. జరిపితే కిటికీ పోయి షాఫ్ట్‌లోకి, అంటే గాలికీ పైపులకీ వదిలే నిలువు సందులోకి, వెంటిలేటర్ వస్తుంది, కింద టాయిలెట్ కోసం షాఫ్ట్ ఎలాగూ ఉంది. ఆయన గంటలో స్కెచ్ పంపించారు, మధ్యలో బీమ్‌కి పైన రెండు 12 ఎంఎం కమ్మీలు ఎక్కువ, శ్లాబులో ఆ రెండు గదుల మేర కమ్మీల జాలీ మార్చాలి, అంతే.

రాత్రి ఏడింటికి కూర్చుని ఒక పేజీ రాశా. తెలుగులో, చేత్తో, ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టా. పూజ మళ్ళీ హాలు మూలకి వెళ్తే ఖర్చు సున్నా, ఆలస్యం సున్నా. బాత్‌రూమ్ పడమరకి జరిపితే సెంట్రింగ్ వాళ్ళు నలుగురికి 4,800, కమ్మీల వాళ్ళు అయిదుగురికి 6,000, అదనపు ఇనుము 60 కేజీలు 3,600, చెక్క మేకులు 1,500, శ్లాబు ముఠా ఒక రోజు వాయిదాకి 5,000, ఇంజనీర్ గారి ఫీజు 2,000, మొత్తం 22,900, ఆలస్యం ఒక రోజు. ఏమీ మార్చకుండా పోసేసి తర్వాత మనసు మారితే అరవై డెబ్బై వేలు. ఎక్కడా సంకన్ లేకుండా ఫ్లాట్‌గా పోసి బాత్‌రూమ్ సంగతి తర్వాత చూసుకోవడం కూడా రాశా గానీ, దాని పక్కనే "నేను వద్దంటాను, పెద్దవాళ్ళున్న ఇల్లు, బాత్‌రూమ్‌కి మెట్టు ఎక్కాలి" అని కూడా రాశా. అన్ని ఆప్షన్లూ ఒకే గొంతుతో చెప్పి మీ ఇష్టం అనడం నాకు నచ్చదు, మనకి తెలిసింది చెప్పకపోతే మనకి డబ్బులెందుకు.

తొమ్మిదింటికి డల్లాస్ కాల్, అక్కడ పొద్దున పదిన్నర. అబ్బాయి ఆఫీసులో ఉన్నాడేమో గొంతు తగ్గించి "అన్నా, సున్నా ఖర్చుది ఉండగా ఇంకా ఆలోచనేంటి, పూజ హాల్లో పెట్టేసి శుక్రవారం పోసెయ్" అన్నాడు. లైన్లో అమ్మగారు ఉన్నారని వాడికి తెలీదు. "ఏడాదికోసారి వచ్చి వారం ఉండేవాడివి నీకేం తెలుసురా" అని మొదలైంది, ఇంక నేను మాట్లాడటానికి ఖాళీ దొరకలేదు. ఒక్కటి చెప్పాలి, డబ్బు పంపేవాడి మాట వినేసి శుక్రవారం పోసేస్తే నాకు హాయి. అబ్బాయి మెసేజ్ సాక్ష్యం కూడా ఉంటుంది. కానీ అగ్రిమెంట్‌లో సంతకం మాస్టారిది, కాబట్టి ఇలాంటప్పుడు నేను ఆయన ఒక్కడినే అడుగుతా, మిగతా వాళ్ళు ఆయన్ని ఒప్పించుకోవాలి. "మాస్టారూ, రేపు పొద్దున తొమ్మిదికి సైట్ దగ్గర మీరొక్కరే రండి" అని పెట్టేశా.

గురువారం ఆయన చేతిలో పేపరుతో వచ్చారు. బుధవారం రాత్రి జీఎస్టీ కౌన్సిల్ 56వ మీటింగ్ నిర్ణయాలు వచ్చాయి కదా, సిమెంటు మీద 28 శాతం 18 అవుతోంది, సెప్టెంబర్ 22 నుంచి. ఆయన ఇంట్లోనే లెక్క కట్టుకొచ్చారు. "కట్ట 350 అనుకో, అందులో అసలు ధర 273 చిల్లర, పద్దెనిమిది వేస్తే 323 లోపే. కట్టకి ఇరవై ఏడు. నూట యాభై కట్టలకి నాలుగు వేల యాభై. ఎలాగూ ఆగుతున్నాం, ఇరవై రెండుకే పెట్టుకుందాం. పైగా ఎనిమిది నుంచి మహాలయ పక్షం, ఇరవై ఒకటిన అమావాస్య, ఇరవై రెండు నుంచి శరన్నవరాత్రులు. అన్నీ కలిసొస్తున్నాయి."

నిజంగా కలిసొచ్చాయి, అదే ప్రాబ్లం. ఒక మార్పు కోసం ఆగిన పని మీద ఇంకో మార్పు వచ్చి కూర్చోవడం నేను చాలాసార్లు చూశా, ఒకసారి పని ఆగిందంటే ఇంక అందరికీ ఏదో ఒకటి గుర్తొస్తుంది. కాదు అని వాదించకుండా, పక్కనున్న ఖాళీ సిమెంటు సంచి తిరగేసి ఆయన చేతికే పెన్సిల్ ఇచ్చా. సెంట్రింగ్ రేకులు, జాకీలు ఆపితే రోజుకి 900 అద్దె. శనివారం పొయ్యొచ్చు, అది కాకపోతే 22, మధ్యలో పదహారు రోజులు. ఆయన పదహారు తొమ్మిదులు వేశారు, 14,400. దాని కింద 4,050 రాసి కాసేపు చూశారు. ఈ 150 కట్టలు పాత రేటుకి కొని దింపిన సరుకు, వర్షాకాలంలో పదహారు రోజులు చెమ్మలో ఉంటే గడ్డ కట్టే భయం, కట్టిన కమ్మీలు వానకి తడవడం, ముఠా అడ్వాన్స్ పోవడం, ఇవి రాయనే లేదు. లెక్కల మాస్టారితో ఇదొక సుఖం, లెక్క తేలితే మళ్ళీ మాట్లాడరు. "శనివారమే" అన్నారు.

కానీ సంచి కింద పెట్టేముందు ఇంకో మాట అన్నారు, అది సూటిగా తగిలింది. "మన అగ్రిమెంట్‌లో సిమెంటు రేటు కట్టకి ఇరవై దాటి పెరిగితే తేడా నేనివ్వాలని రాశావు. తగ్గితే ఏం చెయ్యాలో రాయలేదే? పెరిగితే నాది, తగ్గితే నీదా?" ఆ క్లాజు 2021లో ఇనుము రేట్లు మండినప్పుడు పెట్టుకున్నది. తగ్గే రోజు వస్తుందని ఎవరనుకున్నారు. మిగిలిన పనికి ఇంకో 550 కట్టలు పడతాయి, 27 చొప్పున 14,850, దుకాణంలో నిజంగా తగ్గినంత మేరకి మీకే తగ్గిస్తానని అక్కడే పుస్తకంలో రాశా. ఇనుము మీద ముందు నుంచీ 18 శాతమే, అందులో తేడా రాదని కూడా చెప్పా, లేకపోతే అది ఇంకో రోజు అడుగుతారు.

ఇంక 22,900 ఎవరిది? ఇక్కడ నేను కాస్త ఆగా. ఆగస్టులో "అలాగేనమ్మా" అన్నది నేను. ఆవిడ అడిగింది పేరు మార్చమని, పైన ఏముందో చూడాల్సింది డ్రాయింగ్ చదవడం వచ్చిన నేను. అలాగని మొత్తం నా నెత్తిన వేసుకుంటే, ఆ రోజే పై షీట్ చూసి చెప్పినా ఆ బాత్‌రూమ్ జరపాల్సిందేగా, ఇంజనీర్ ఫీజు, అదనపు ఇనుము అప్పుడూ అయ్యేవేగా. అందుకని విప్పి మళ్ళీ కట్టే కూలీ 10,800 నాది, మిగతా 12,100 వాళ్ళది అని చెప్పా. ముఠా వాయిదా 5,000 కూడా నాదే అవ్వాలని మా మేస్త్రి అభిప్రాయం, వాడన్నది తప్పు కాదేమో, కానీ మాస్టారు అడగలేదు, నేను ఎత్తలేదు. సంతకం పెట్టారు. డల్లాస్‌కి ఆ పేజీ ఫోటో ఆయనే పంపించారు, అటు నుంచి బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చింది, అంతే.

గురువారం మధ్యాహ్నం నుంచి సెంట్రింగ్ వాళ్ళు పాత పెట్టె విప్పి పక్క గదిలో కట్టారు, శుక్రవారం కమ్మీలు. ఆ సాయంత్రం ట్యూబ్ లెవెల్ పట్టి కొత్త పల్లం నాలుగు మూలలూ చూస్తుంటే మాస్టారు శాలువా భుజం మీదే ఉంచుకుని వచ్చారు, టీచర్స్ డే కదా, పాత శిష్యులు సన్మానం చేశారట. అలాగే జాకీల మధ్య దూరి పూజ గది గీతల్లో నిలబడి పైకి చూశారు, సాపుగా ఉంది. ఫోటో తీసుకుని వెళ్ళారు, ఎవరికోసమో అడగక్కర్లేదు.

శనివారం నిమజ్జనం పదకొండో రోజు, ముఠాలో కుర్రాళ్ళు మధ్యాహ్నం తర్వాత ఉండలేమన్నారు, సరే అని తెల్లారి అయిదింటికే మిక్చర్ స్టార్ట్ చేశాం, రెండింటికల్లా ఫినిషింగ్ కూడా అయిపోయింది. ఆదివారం రాత్రి చంద్రగ్రహణం. అమ్మగారు శ్లాబు మీద పెట్టమని దర్భలు పంపించారు. నవ్వకుండా పెట్టా, శ్లాబు ఆరిపోకుండా పొద్దున మడులు కట్టి నీళ్ళు నింపిన చోటే ఒక మూల. జాకీలు ఎన్నాళ్ళు ఉంచాలంటే, కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్ల లోపు ఉన్న శ్లాబుకి ఏడు రోజులు, 6 మీటర్ల లోపు బీమ్‌కి పద్నాలుగు, మేం అన్నీ పద్నాలుగు దాటాకే తీశాం.

ఇంక పుస్తకంలో కంత. నేను ఆరేళ్ళుగా డబ్బు పెరిగే మార్పులే రాస్తూ వచ్చా, ఎందుకంటే 2019లో నాకు పోయింది డబ్బు. సున్నా రూపాయల మార్పు అనే మాటే నాకు తట్టలేదు. గది పేరు, తలుపు తెరుచుకునే వైపు, ఫ్రిజ్ ఎక్కడ, మంచం తల ఎటు, ఇవన్నీ వినడానికి ఏమీ కావు, ఒక్కోటి ఇంకో షీట్‌లో ఏదో ఒకదాన్ని పట్టుకుని లాగుతుంది. ఇప్పుడు ఎవరేం అడిగినా పేజీ వేస్తా, ధర దగ్గర 0 అని రాస్తా, దాని కింద మూడు గడులు గీసుకున్నా: పై ఫ్లోర్ చూశానా, కింది ఫ్లోర్ చూశానా, పైపు కరెంటు షీట్ చూశానా. మూడూ టిక్ పడేదాకా "అలాగే" అనను, "చూసి రేపు చెప్తా" అంటా. మొదట్లో ఓనర్లకి చిరాకు, మంచం తల మార్చడానికి కూడా రేపేంటయ్యా అంటారు. ఫస్ట్ ఫ్లోర్ షీట్ కూడా డిక్కీలోంచి చేతిలోకి వచ్చింది, అన్ని షీట్లూ ఒకే క్లిప్ బోర్డుకి.

మొన్న అమ్మగారు మళ్ళీ వచ్చారు. హాల్లో పూజ మూల ఖాళీ అయింది కదా, అక్కడ వాషింగ్ మిషను పెట్టుకుంటా, ఏమీ మార్చక్కర్లేదు, పెట్టుకోవడమే అన్నారు. పుస్తకం తీసి పద్నాలుగో పేజీ వేశా. పై ఫ్లోర్, పర్లేదు. కింది ఫ్లోర్, పర్లేదు. పైపుల షీట్ తిప్పితే ఆ మూలకి ఇరవై అడుగుల్లో ఎక్కడా నీళ్ళు పోయే లైను లేదు, వెయ్యాలంటే హాలు నేల తవ్వాలి. ఆవిడకి వేలు పెట్టి చూపించా.

"అయితే వద్దులే బాబూ" అన్నారు. అదే రాసి, సంతకం పెట్టించి, కాపీ చింపి ఇచ్చా.